వెనుక యాక్సిల్ గేరు మార్చే ముందు: హైదరాబాద్ రోడ్లకు సరిపడే రేషియో ఎలా ఎంచుకోవాలి

మంచి ఇంజను ఉంది, మంచి టైర్లు వేయించారు. అయినా సిగ్నల్ పడ్డాక కారు బద్ధకంగా కదులుతోంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గేర్‌బాక్స్ మాటిమాటికీ కింది గేరులోకి దిగుతోంది. ఇలాంటప్పుడు చాలామంది ఇంజను శక్తి పెంచడం గురించి ఆలోచిస్తారు. అంతకన్నా ముందు చూడవలసిన చోటు కారు వెనుక భాగంలో, డిఫరెన్షియల్ హౌసింగ్ లోపల ఉంది. ఇంజను శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె అది. అక్కడి క్రౌన్ వీల్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) జత మారితే అదే ఇంజను వేరే మనిషిలా ప్రవర్తిస్తుంది.

ఆ జతను నేను రెండుసార్లు మార్చాను. రెండోసారి మార్చవలసి రావడానికి కారణం మొదటిసారి రేషియోను, అంటే ఆ రెండు చక్రాల పళ్ల నిష్పత్తిని, నా కోరికను బట్టి ఎంచుకోవడం. నేను రోజూ తిరిగే దారులను బట్టి ఎంచుకుని ఉంటే ఒక్కసారితో పోయేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా. మీకు ఆ రెండో ఖర్చు తప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా, ఇది మీ కారుకు వర్తిస్తుందా?

మన రోడ్ల మీద కనిపించే హ్యాచ్‌బ్యాక్‌లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. వాటిలో చివరి రేషియో గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, కాబట్టి ఆ పని వేరు. ఇక్కడ చెప్పేది ఇంజను ముందుండి, శక్తి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక చక్రాలకు వెళ్లే కార్లకు: ఫోర్డ్ మస్టాంగ్ లాంటి కూపేలు, పాత కాంటెస్సాలు, వెనుక చక్రాలతో నడిచే జర్మన్ సెడాన్లు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండి అయితే ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్ రెండింటినీ ఒకే రేషియోకు మార్చాలి. ఒక్కటే మారిస్తే గట్టి రోడ్డు మీద ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడి, శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసును పాడుచేస్తాయి.

ఇప్పుడున్న రేషియో ఎంతో కనుక్కోండి

క్రౌన్ వీల్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే యాక్సిల్ రేషియో. 41 పళ్లు, 11 పళ్లు అయితే 3.73. 39, 11 అయితే 3.55. 41, 10 అయితే 4.10. 3.55 అంటే ప్రొపెల్లర్ షాఫ్టు మూడున్నర చుట్లకు కాస్త ఎక్కువ తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందని అర్థం. సంఖ్య పెరిగే కొద్దీ లాగుడు పెరుగుతుంది. దానితోపాటు అదే వేగానికి ఇంజను చుట్లూ పెరుగుతాయి.

చాలా కార్లలో హౌసింగ్ మీద చిన్న రేకు ముక్కో స్టిక్కరో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారైతే దాన్ని పూర్తిగా నమ్మకండి, లోపలి గేర్లు ఎప్పుడో మారి ఉండవచ్చు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కారు కిందికి ఎప్పుడూ దూరవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదలండి. టైరు మీద, షాఫ్టు మీద సుద్దతో గీతలు పెట్టండి. ఒక చక్రాన్ని తిప్పినప్పుడు రెండోది ఎదురు దిశలో తిరిగితే మీది మామూలు డిఫరెన్షియల్. అప్పుడు ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పించి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. రెండు చక్రాలూ ఒకే దిశలో తిరిగితే ఒక్క చుట్టు చాలు. వచ్చిన సంఖ్యే మీ రేషియో.

అదే రోజు టైరు చుట్టుకొలత కూడా తీసుకోండి. కారు నేల మీద ఉండగా టైరుకు, నేలకు సుద్ద గుర్తు పెట్టి, ఒక చుట్టు నెట్టి టేపుతో కొలవండి. టైరు పక్కన రాసిన అంకెలతో లెక్క కట్టినదానికన్నా ఇది కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువుకు టైరు అణుగుతుంది. టైరు సైజు మార్చే ఆలోచన ఉంటే అది ముందు తేల్చుకోండి. 275/40 ఆర్19 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, 255/40 ఆర్19 ఎత్తు సుమారు 687. ఆ తేడా చిన్నదే, కానీ చిన్న టైరు వేస్తే గేరు ఏమీ మార్చకుండానే లాగుడులో రెండు శాతానికి పైగా వచ్చేస్తుంది.

వారం రోజులు ఒక పుస్తకంలో రాసుకోండి

అందరూ వదిలేసే పని ఇదే. నేనూ మొదటిసారి వదిలేశాను. ఒక వారం పాటు ఇల్లు చేరగానే రెండు నిమిషాలు కూర్చుని రాయండి: ఏ దారిలో వెళ్లారు, ఎంతసేపు ఏ వేగంలో ఉన్నారు, కారు ఏ గేరులో ఉంది, ఏ క్షణంలో ఇంకాస్త లాగితే బాగుండునని అనిపించింది.

అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా ఆఫీసుకు వెళ్లేవారి పుస్తకంలో పది నుంచి నలభై మధ్య వేగాలే నిండుతాయి. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు దాటి తీగల వంతెన మీదుగా మాదాపూర్ చేరేవారికి ముప్పై నుంచి డెబ్బై వరకు తరచు మారే వేగాలు. కోకాపేట నుంచి శంషాబాద్ వైపు రోజూ అవుటర్ రింగు రోడ్డు ఎక్కేవారిది పూర్తిగా వేరే లెక్క. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితి 120. అక్కడ కారు గంటల తరబడి పై గేరులో నిలకడగా పోవాలి. సెలవు రోజున అనంతగిరికో శ్రీశైలానికో వెళ్లేవారు ఘాట్ గురించి విడిగా రాయాలి. అమ్రాబాద్ అడవిలో వేగంగా నడపకూడదు, నడపనక్కరలేదు కూడా. అక్కడ చూడవలసింది గేర్‌బాక్స్ ప్రవర్తన: మలుపు మలుపుకూ గేరు దిగుతోందా, ఒకే గేరులో హాయిగా ఎక్కుతోందా?

నా పుస్తకంలో అయిదింట మూడు వంతుల దూరం అవుటర్ మీదే తేలింది. ఆ సంగతి తెలియకముందే నేను 3.15 తీసేసి 4.10 వేయించాను.

ఇప్పుడు లెక్క

వేగాన్ని నిమిషానికి మీటర్లలోకి మార్చండి. 100 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 1667 మీటర్లు. దాన్ని టైరు చుట్టుకొలతతో భాగిస్తే నిమిషానికి చక్రం చుట్లు. దాన్ని గేర్‌బాక్స్‌లో ఆ గేరుకున్న రేషియోతో, ఆపై యాక్సిల్ రేషియోతో గుణిస్తే ఇంజను చుట్లు.

ఉదాహరణకు 2015 తరువాతి మస్టాంగ్ ఆరు గేర్ల ఆటోమేటిక్‌ను తీసుకుందాం. దాని మొదటి గేరు 4.17, ఆరో గేరు 0.69. టైరు 275/40 ఆర్19 అనుకుంటే చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. ఆరో గేరులో 100 వేగం దగ్గర 3.15 యాక్సిల్‌తో ఇంజను సుమారు 1640 చుట్లు తిరుగుతుంది. 3.55తో 1850, 3.73తో 1940, 4.10తో 2140. వేగం 120కి చేరితే 3.15తో 1970, 3.55తో 2220, 4.10తో 2560.

ఇంత పెద్ద ఇంజనుకు 2560 చుట్లు కష్టమేమీ కాదు. కష్టం వినేవారిది. నా కారులో మార్పించిన ఎగ్జాస్ట్ 2100 చుట్ల దగ్గర గుమ్మటంలోంచి వచ్చినట్టు మారుమోగుతుంది. 4.10 వేయించాక సరిగ్గా అవుటర్ మీద నేను నడిపే వేగం దగ్గరే ఆ మోత స్థిరపడింది. శంషాబాద్ వెళ్లి వచ్చేసరికి తలనొప్పి. మీ ఎగ్జాస్ట్ ఏ చుట్ల దగ్గర మోగుతుందో ముందే గమనించి, ఆ సంఖ్య మీ నిలకడ వేగానికి తగలకుండా చూసుకోండి.

కింది గేర్ల లెక్క కూడా వేయండి. 6500 చుట్ల దగ్గర మొదటి గేరు 3.15తో సుమారు 65 కిలోమీటర్ల వేగం దాకా వెళ్తుంది, 3.55తో 58, 4.10తో 50. అంటే 4.10తో మొదటి గేరు మొదలైనంతలోనే అయిపోతుంది. ఆ లాగుడుకు టైరు పట్టు కూడా చాలదు, తొలకరి జల్లు పడిన రోడ్డు మీద అసలే చాలదు. లాగుడు పెరిగిందని సంతోషించేలోపే చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని వెనక్కి లాగేస్తుంది.

ఆటోమేటిక్‌కూ మాన్యువల్‌కూ ఒకే సలహా పనికిరాదు

అమెరికాలోని బంధువో స్నేహితుడో 4.10 వేయించుకుని మురిసిపోతుంటాడు. అతని కారు మాన్యువల్ అయితే ఆ మాట మీకు వర్తించదు. 2015-17 మస్టాంగ్ జీటీ మాన్యువల్‌లో మొదటి గేరు 3.66. దాన్ని 4.10తో గుణిస్తే 15.0. ఆటోమేటిక్ మొదటి గేరు 4.17ను 3.55తో గుణిస్తే 14.8. బయలుదేరేటప్పుడు రెండు కార్లకూ దాదాపు ఒకే లాగుడు. పైగా మన ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ మొదటి కదలికలో మరికొంత బలం జోడిస్తుంది. భారత్‌లో ఫోర్డ్ 2016లో తెచ్చిన మస్టాంగ్ ఆటోమేటిక్‌లోనే వచ్చింది కాబట్టి మన నగరంలో ఈ తేడా మరీ ముఖ్యం.

పది గేర్ల ఆటోమేటిక్‌లో మొదటి గేరు రేషియో ఇంకా ఎక్కువ, దాదాపు 4.70. దానికి యాక్సిల్ గేరు మార్చే అవసరం ఇంకా తక్కువ. అయిదు గేర్ల పాత మాన్యువల్ కార్లకే ఈ మార్పు వల్ల అన్నిటికన్నా ఎక్కువ లాభం.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన 2.83 కిలోమీటర్ల సర్క్యూట్‌లో ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తాయి. వాటికి గేర్లు మార్చే పనే లేదు, మోటారుకూ చక్రానికీ మధ్య ఒకటే రేషియో. ఇంజనీర్లు ఆ ఒక్క సంఖ్యతో మలుపునూ నేరు దారినీ నెట్టుకురావాలి. మన కారులో గేర్లు ఆరున్నా యాక్సిల్ రేషియో ఆరింటినీ గుణిస్తుంది. ఒక గేరును బాగు చేయబోతే మిగతా అయిదూ కదులుతాయి.

నేను పాటించే కొలత ఇది. పాత రేషియోకూ కొత్తదానికీ తేడా పది శాతంలోపు ఉంటే ఆ పని పెట్టుకోకండి. 3.55 నుంచి 3.73కి మారితే వచ్చేది అయిదు శాతం. అంత ఖర్చు పెట్టి, హౌసింగ్ విప్పించి, ఆ తేడాను వారం తరువాత గుర్తుపట్టలేరు. 3.15 నుంచి 3.55 అంటే పన్నెండున్నర శాతానికి పైనే. అది నగరంలోనూ తెలుస్తుంది, అవుటర్ మీదా బాధించదు. నేను చివరికి ఆగింది అక్కడే. ఘాట్ మీద నా గేర్‌బాక్స్ ఇప్పుడు మలుపు మలుపుకూ తడుముకోవడం లేదు, నాకు కావలసింది అదే. ఇరవై శాతం దాటి వెళ్లాలంటే మీ వారం పుస్తకంలో అందుకు గట్టి కారణం కనబడాలి.

హౌసింగ్ విప్పినప్పుడే డిఫరెన్షియల్ గురించీ తేల్చుకోండి

కూలి రెండుసార్లు ఇవ్వకుండా ఉండాలంటే ఈ ఆలోచన ఇప్పుడే చేయాలి. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారితే శక్తంతా దానివైపే పోతుంది. క్లచ్ పలకలతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ రకం రెండు చక్రాలకూ పంచుతుంది. కానీ పలకలు అరుగుతాయి, ఆయిల్‌లో పలకల ఒరిపిడిని సరిచేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపకపోతే మలుపుల్లో గరగరలాడుతుంది. పళ్ల చక్రాలతోనే పనిచేసే హెలికల్ రకానికి అరిగే పలకలు లేవు, వీధుల్లో మెత్తగా నడుస్తుంది. రోజువారీ కారుకు నేను దాన్నే ఇష్టపడతాను. రెండు చక్రాలనూ కట్టేసే లాకర్ మాత్రం వానాకాలంలో ఫ్లైఓవర్ మలుపు మీద ఉండకూడని వస్తువు.

కొనేటప్పుడు

క్రౌన్ వీల్, పినియన్ కర్మాగారంలో జతగా ఒకదానితో ఒకటి ఒరిపిడి పట్టించినవి. రెండింటి మీదా ఒకే జత సంఖ్య చెక్కి ఉంటుంది. పెట్టె విప్పగానే అది సరిచూడండి. వేర్వేరు జతల్లోంచి ఒకటొకటి తెచ్చి కలిపితే ఎంత నేర్పరి బిగించినా అరుపు ఆగదు. కొన్ని రకాల యాక్సిళ్లలో ఒక రేషియో దాటితే డిఫరెన్షియల్ క్యారియర్ (క్రౌన్ వీల్‌ను మోసే భాగం) కూడా మార్చాలి, ఆ సంగతి ఆర్డరు పెట్టకముందే అడగండి. రేషియో పెరిగే కొద్దీ పినియన్ చిన్నదవుతుంది, పంటికి పడే భారం పెరుగుతుంది. శక్తి పెంచిన ఇంజనుకు అది కూడా గుర్తుండాలి.

గేర్లు విదేశాల నుంచి తెప్పించుకున్నా బేరింగులు, ఆయిల్ సీళ్లు ఇక్కడే దొరకవచ్చు. బేరింగు మీది నంబరు రాసుకుని రాణిగంజ్‌లో, జాంబాగ్‌లో తిరగండి. పాత బేరింగులు బాగానే ఉన్నాయని మళ్లీ వాడొద్దు. నకిలీ పెట్టెల పట్ల జాగ్రత్త. ధర మరీ తక్కువ చెబితే ఆ దుకాణం దాటి వెళ్లిపోవడమే మంచిది.

బిగించేవారిని ఎంచుకోవడం

రేషియో ఎంపికలో పొరపాటు జరిగినా కారు నడుస్తుంది. బిగింపులో జరిగితే కొత్త గేర్లు కొన్ని వందల కిలోమీటర్లలోనే పాడవుతాయి. అందుకే మెకానిక్ దగ్గర కూర్చుని, మర్యాదగా, నాలుగు సంగతులు అడగండి.

పళ్ల మధ్య ప్లే (వదులు) ఎలా కొలుస్తారు అన్నా? జవాబులో డయల్ గేజ్ (ముల్లుతో సన్నటి కదలికను చూపే కొలత పరికరం) ఉండాలి. చాలా యాక్సిళ్లకు ఇది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లో చూడాలి. క్రౌన్ వీల్ చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి, ఒక్కచోట కొలిస్తే చాలదు. పినియన్ బేరింగు బిగువును చేత్తో తిప్పి చెబుతానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దానికి చాలా తక్కువ బలాన్ని కొలవగల చిన్న టార్క్ రెంచి కావాలి. క్రష్ స్లీవ్ కొత్తది వేస్తారా? పినియన్ బేరింగుల మధ్య ఉండే ఆ గొట్టం నలిగి బిగువునిస్తుంది. బిగువు ఒక్క పిసరు మించినా నట్టును వెనక్కి తిప్పి సరిచేయకూడదు, స్లీవ్ తీసేసి మరొకటి వేసి మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి రెండు స్లీవ్‌లు కొని ఇవ్వండి.

చివరిది పంటి మార్కింగ్. పళ్లకు రంగు పేస్టు పూసి, కొంచెం అడ్డు పెట్టి తిప్పితే ఎక్కడ ఒరుసుకుంటున్నాయో గుర్తు పడుతుంది. ఆ గుర్తు పంటి మధ్యలో ఉండాలి. అడుగుకు దిగితే పినియన్ మరీ దగ్గరగా ఉంది, అంచుకు ఎక్కితే దూరంగా ఉంది. షిమ్ (సర్దుబాటుకు పెట్టే సన్నటి రేకు) మందం మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ రంగు పూయాలి. ఓపికగల మెకానిక్ ఈ పని మూడు నాలుగు సార్లు చేస్తాడు. మార్కింగ్ ఫొటో తీసి పంపమని ముందే అడగండి. మంచి పనివాడు అందుకు నొచ్చుకోడు, సంతోషిస్తాడు. ఇలాంటివారు మెరిసే షోరూములలోనే ఉంటారని అనుకోకండి. లారీల హౌసింగులు ఏళ్ల తరబడి విప్పి బిగించిన ఆటోనగర్ పెద్దలలో కొందరి చేతుల్లో ఉన్న సూక్ష్మత చూసి నేను తల వంచాను.

పనికి ఇచ్చే ముందు రోజు కారులో కూర్చుని 40, 60, 80, 100 వేగాల దగ్గర శబ్దం ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. తరువాత అనుమానం వస్తే పోల్చడానికి అదొక్కటే ఆధారం.

బయటకు వచ్చాక

స్పీడు సమాచారం గేర్‌బాక్స్ నుంచి తీసుకునే పాత కార్లలో స్పీడోమీటర్ తప్పు చూపుతుంది. 3.15 నుంచి 3.55కి మారితే అసలు వేగం 100 ఉన్నప్పుడు ముల్లు దాదాపు 113 దగ్గర ఉంటుంది. చక్రాల సెన్సర్ల నుంచి తీసుకునే కొత్త కార్లలో ముల్లు సరిగ్గానే ఉన్నా, కంప్యూటర్‌కు కొత్త రేషియో చెప్పకపోతే ఆటోమేటిక్ గేర్లు తప్పు వేళలో మారతాయి. ఈ ప్రోగ్రామింగ్ చేసేవారిని గేర్లు విప్పకముందే మాట్లాడి పెట్టుకోండి.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. యాక్సిల్ రేషియో ఆర్‌సీలో ఉండదు. అయినా బీమా సంస్థకు మార్పు గురించి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకోండి. వారంటీ మిగిలి ఉంటే యాక్సిల్ మీద దాన్ని వదులుకున్నట్టే లెక్క.

కొత్త గేర్లకు మొదటి వేడి చాలా కీలకం. ట్రాఫిక్ లేని తెల్లవారుజామున బయలుదేరి, పాతిక కిలోమీటర్లు మెత్తగా, వేగం కొంచెం మారుస్తూ నడిపి, ఇంటికి తెచ్చి పూర్తిగా చల్లారనివ్వండి. గంట సరిపోదు, హౌసింగ్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. ఇలా రెండు మూడు సార్లు. ఎండాకాలం మధ్యాహ్నం వద్దే వద్దు. మొదటి 800 కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి, బరువు లాగకండి.

ఆయిల్ విషయంలో తయారీదారు చెప్పిన గ్రేడే వాడండి, అది జీఎల్-5 (గేరు ఆయిల్ నాణ్యతా తరగతి) రకమై ఉండాలి. ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతోపాటు జారుతూ కూడా తిరుగుతాయి, ఆ ఒరిపిడిని తట్టుకునే రసాయనాలు జీఎల్-5లోనే తగినంత ఉంటాయి. 800 కిలోమీటర్లు దాటగానే ఆ ఆయిల్ తీసేయండి. తెల్లటి గిన్నెలోకి పట్టి వెలుతురులో చూడండి. వెండి పూత కలిపినట్టు సన్నటి మెరుపు ఉంటే అది కొత్త పళ్లు ఒకదానికొకటి అలవాటు పడిన గుర్తు, కొత్త ఆయిల్ పోసి నిశ్చింతగా నడపండి. వేళ్ల మధ్య నలిపినప్పుడు గరుకు తగిలినా, మాగ్నెట్‌కు పొలుసులు అంటుకున్నా ఆ రోజే కారు ఆపి, హౌసింగ్ మళ్లీ విప్పించండి.